ఆరుగురికీ ఒకే మాట రాస్తే ఎలా?

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులో తోటివాళ్ల మీద ఇంగ్లీషులో ఫీడ్‌బ్యాక్ రాయమన్నారని టెన్షన్ పడుతూ నువ్వు పంపింది చదివాను. ఆరుగురికీ ‘గుడ్ పర్సన్, వెరీ కోఆపరేటివ్’ అనే రాశావు. పేర్లు తీసేస్తే ఎవరెవరో నువ్వే చెప్పలేవు!

మనం జోరువాన అంటాం, మండుటెండ అంటాం. జోరు ఎండ అనం కదా? ఇంగ్లీషులోనూ అంతే, ఏ మాటకు తగ్గ జోడీ ఆ మాటకు ఉంటుంది. చెప్పగానే పట్టేసేవాడు ‘క్విక్ లెర్నర్’. నలుగురితో కలిసి పనిచేసేవాడు ‘టీమ్ ప్లేయర్’. ఒకరు చెప్పేదాకా ఆగకుండా పని అందుకునే అమ్మాయి ‘సెల్ఫ్ స్టార్టర్’. వీటిని విడగొట్టకుండా జంటగానే గుర్తుపెట్టుకో.

‘హార్డ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా గుమాస్తా ప్రమోషన్ కాగితం మీద ‘హీ హార్డ్‌లీ వర్క్స్’ అని రాశాను. తెగ కష్టపడతాడని నా ఉద్దేశం. దానర్థం అసలు పనే చెయ్యడని! పై ఆఫీసరు నన్ను పిలిచి, నవ్వి, దిద్దించాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్లలుగలవాడి ఉసురు నాకు తగిలేది. ‘హీ వర్క్స్ హార్డ్’ అను, లేదా ‘హార్డ్ వర్కింగ్’ అను, చాలు.

మనవాళ్ల ఇంగ్లీషు ఇంకో తంటా. ‘హెడ్‌వెయిట్’ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. మీ అమెరికా మేనేజరేమో తల తూచి చెబుతున్నావనుకుంటాడు. వాళ్లు ‘బిగ్ హెడెడ్’ అంటారు, అయినా అది ఫీడ్‌బ్యాక్‌లో రాసే మాట కాదులే. నిరాడంబరంగా ఉండేవాణ్ని మనం ‘సింపుల్’ అని మెచ్చుకుంటాం. వాళ్లకు అందులో బుర్ర తక్కువన్న ధ్వని కూడా వినిపించొచ్చు. ‘డౌన్ టు ఎర్త్’ అని రాయి.

ప్రతి చిన్నదానిలో తలదూర్చే మీ టీమ్ లీడ్‌ని ‘మైక్రోమేనేజర్’ అన్నావనుకో, నేరుగా తిట్టినట్టే. ‘వెరీ హ్యాండ్స్ ఆన్’ అంటే పొగిడినట్టూ ఉంటుంది, తెలిసినవాడికి తెలిసిపోతుంది కూడా. కొంచెం గడుసుతనమే, ఒప్పుకుంటాను.

ఉత్త ‘టీమ్ ప్లేయర్’ అని మాత్రం వదిలెయ్యకు. మొన్న రాత్రి సర్వర్ పడిపోతే వాళ్లలో ఒకతను సెలవులో ఉండి కూడా ఫోన్ ఎత్తాడన్నావే, ఆ సంగతి పక్కనే రాయి.

ఆరో అతని గురించి ఏమీ తోచడం లేదన్నావు. ముందు అతనితో కూర్చుని ఓసారి టీ తాగు, తర్వాత రాద్దువుగాని. ఆదివారంలోగా పంపితే చూసిపెడతాను.

ఇట్లు,
మామయ్య