దుమ్ము అలర్జీ ఉన్న ఇంట్లో పక్కబట్టలకు ఎంత వేడి కావాలి?

నమస్కారమండీ. మీ పాపకు దుమ్ముపురుగుల అలర్జీ ఉందని డాక్టరు చెప్పారనీ, దుప్పట్లను 40 డిగ్రీల్లో ఉతుకుతున్నా పొద్దున్నే తుమ్ములు తగ్గడం లేదనీ రాశారు. పరుపులో, దిండ్లలో కంటికి కనిపించకుండా ఉండే ఆ పురుగులు 40 డిగ్రీల నీటిలో చాలావరకు బతికే ఉంటాయి. అవి చావాలంటే కనీసం 55 డిగ్రీలు కావాలి కనుక, నూలు దుప్పట్లను, దిండు గలేబులను వారానికోసారి 60 డిగ్రీల్లో ఉతకండి. చన్నీళ్లలో ఉతికినా అలర్జీ కలిగించే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది గానీ, బతికిన పురుగులు మళ్లీ దాన్ని విసర్జిస్తూనే ఉంటాయి.

మీ మెషిన్‌లో హీటరు లేకపోతే, వెడల్పాటి టబ్బులో బాగా వేడినీళ్లు పోసి దుప్పట్లను అరగంట నానబెట్టి, ఆ తర్వాత మామూలుగా ఉతకండి. ఆ సమయంలో పాపను మాత్రం దరిదాపులకు రానివ్వకండి. రంగు దిగే కొత్త దుప్పట్లను విడిగా వేయాలి. రక్తపు మరకలుంటే ముందు చన్నీళ్లలోనే జాడించాలి, ఎందుకంటే వేడి తగిలితే అవి నూలుకు పట్టేస్తాయి.

పాప పక్కలో పెట్టుకుని పడుకునే మెత్తటి బొమ్మలు వేడికి పాడవుతాయనుకుంటే, వాటిని కవరులో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత చన్నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే పాపకు ఇవ్వండి.