దుబాయిలో పిల్లల బడి గురించి మేనకోడలికి ఉత్తరం

విజయనగరం

చి. ల. సౌ. మేనకోడలికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అల్లుడుగారికి దుబాయి బదిలీ ఖాయమైందని, పిల్లల కోసం నాలుగు బడుల పేర్లు అనుకున్నారని, వాటిలో ఏది మంచిదో చెప్పమని నువ్వు పంపిన కబురు అందింది. ఆ బడుల ఫోటోలు మీ అత్తయ్య ఫోనులో చూశాను. మూడింటిలో ఈతకొలను ఉంది, ఒకదానిలో గుర్రాలు కూడా ఉన్నాయి. పన్నెండో తరగతి చివర పిల్లలు ఏ బోర్డు పరీక్ష రాస్తారన్నది మాత్రం ఏ ఫోటో కిందా కనబడలేదు. నువ్వు అడిగినదానికి జవాబు చాలావరకు ఆ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది కనుక, ఫోనులో రెండు ముక్కలతో తేల్చేయకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మస్కట్‌లో ఒక భారతీయ పాఠశాలలో పదమూడేళ్ళు లెక్కలు చెప్పాను. అక్కడ నేను గమనించినంతలో, తల్లిదండ్రులు బడిని ఎంచుకునేటప్పుడు విమానం దిగిన మొదటి నెల గురించే ఆలోచిస్తారు. తిరిగి విమానం ఎక్కే నెల గురించి ఆలోచించేవారు తక్కువ. అందుచేత ముందుగా మీరిద్దరూ కూర్చుని, అల్లుడుగారి ఒప్పందం ఎన్నేళ్ళకో, అది పొడిగించకపోతే ఎక్కడికి వెళ్తారో, పెద్దదానికి పదహారేళ్ళూ పద్ధెనిమిదేళ్ళూ నిండేనాటికి మీరు ఏ ఊళ్ళో ఉండే అవకాశం ఎక్కువో కాగితం మీద రాసుకోండి. ఖచ్చితంగా తెలియదని నువ్వు అంటావు. తెలియదన్నది కూడా ఒక జవాబే. తెలియనివాళ్ళు వెనక్కి రావడానికి దారి తెరిచి ఉన్న బడినే ఎంచుకోవాలి.

ఇక ‘ఇంటర్నేషనల్’ అన్న మాట. నానాజాతి సమితిలో పనిచేసే ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో మొదలైన బడిని ఈ తరహా బడులకు ఆదిగా చెబుతారు. ఊరూరూ తిరిగే ఉద్యోగాల వల్ల పిల్లల చదువు తెగిపోకుండా చూడటం అప్పటి ఉద్దేశం. ఇప్పుడు ఆ మాట విశాఖ వెళ్ళే రోడ్డు పక్కన, వేరుశెనగ చేలకు ఆనుకుని ఉన్న బడి బోర్డుల మీద కూడా కనబడుతున్నది కాబట్టి, దానివల్ల నీకు తెలిసేదేమీ లేదు. బోర్డు మీది పేరు పక్కన పెట్టి, అక్కడ చెప్పే చదువు ఏ పద్ధతిదో అడుగు. దుబాయిలో నీకు ముఖ్యంగా ఎదురయ్యేవి నాలుగు.

మొదటిది మన సీబీఎస్‌ఈ. అక్కడి భారతీయ బడుల్లో ఎక్కువ భాగం ఇదే. సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, మిగతా పద్ధతుల బడులు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తెరుస్తారు. సాధారణంగా ఫీజు తక్కువ, తరగతిలో పిల్లలు ఎక్కువ. ‘ఇంత దూరం వెళ్ళి మళ్ళీ ఇదేనా’ అని అల్లుడుగారు అనవచ్చు. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నవాడినే. దాని ఖరీదు ఎంతో కింద చెబుతాను.

రెండవది బ్రిటిష్ పద్ధతి. పదహారేళ్ళకు ఐజీసీఎస్‌ఈ వంటి పరీక్షలు, పద్ధెనిమిదికి ‘ఏ-లెవెల్స్’ (A Levels) అనే పరీక్షలు. ఇందులో తరగతి అంకె మనకంటే ఒకటి ఎక్కువగా ఉంటుందని గుర్తుపెట్టుకో: వాళ్ళ ఇయర్ 8 మన ఏడో తరగతి. తన కొడుకును ఒక తరగతి పైకి ఎక్కించారని మస్కట్‌లో పొరుగింటి ఆయన మిఠాయిలు పంచాడు. ఆయన ముఖం చూసి అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మూడవది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్. 1968లో జెనీవాలోనే పుట్టింది. చివరి రెండేళ్ళ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఏడు పాయింట్లు, వాటిపైన మరో మూడు, మొత్తం 45. నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసం కూడా రాయాలి. చదివే అలవాటు ఉన్న పిల్లలకు ఇది నిజంగా మంచి చదువు అని ఒప్పుకుంటాను. అయితే రెండు చిక్కులున్నాయి. కొన్ని బడులు ఐబీ అనుమతి ఇంకా రాకుండానే, దరఖాస్తు దశలో ఉండగానే ‘క్యాండిడేట్ స్కూల్’ అని చెప్పుకుంటాయి. అనుమతి వచ్చిన బడుల జాబితా ఐబీవారి వెబ్‌సైటులోనే ఉంటుంది, బడి ఇచ్చే రంగుల పుస్తకం కాకుండా ఆ జాబితా చూడు. రెండవది, మామూలు డిప్లొమాలో సైన్సు సబ్జెక్టులు రెండింటికే చోటు ఉంటుంది, మూడోది తీసుకోవాలంటే ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. పెద్దది డాక్టరు అవుతానంటున్నదని నువ్వే చెప్పావు. మన నీట్‌కు పదకొండు, పన్నెండు స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, వాటితో పాటు ఇంగ్లీషు చదివి ఉండాలి. బ్రిటిష్ ‘ఏ-లెవెల్స్’లోనూ ఇదే ప్రమాదం ఉంది, అక్కడ చాలామంది మూడే సబ్జెక్టులు తీసుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీలతో లెక్కలు తీసుకుని బయాలజీ వదిలేస్తే వైద్యం దారి చాలా కష్టమవుతుంది. పదహారేళ్ళ పిల్ల స్నేహితురాలి పక్కన కూర్చోవడానికి సబ్జెక్టు ఎంచుకునే రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు నువ్వు దగ్గర ఉండాలి.

నాలుగవది అమెరికన్ పద్ధతి. కాలేజీకి అమెరికా పంపే ఉద్దేశం గట్టిగా ఉంటే తప్ప దాని జోలికి వెళ్ళవద్దు. వాళ్ళు ‘ఏపీ’ అన్నప్పుడు అది మన ఆంధ్రప్రదేశ్ అనుకునేవు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పరీక్షలవి.

ఇప్పుడు నా సొంత అనుభవం. మా అబ్బాయిని నేను పనిచేసే బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివించి, తోటి ఉపాధ్యాయుడి కొడుకు ఇంగ్లీషు ఉచ్చారణ విని మనసు చెదిరి, అప్పు చేసి మరీ ఒక బ్రిటిష్ బడిలో ఇయర్ 10లో వేశాను. ఐజీసీఎస్‌ఈ రెండేళ్ళ చదువు, ఒక ఏడాది పూర్తికాగానే నా ఒప్పందం పొడిగించలేదు. జూన్‌లో విజయనగరం వచ్చి, పదో తరగతిలో చేర్చుకోమని మూడు బడుల చుట్టూ తిరిగాను. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి ఒకే చదువుగా చూస్తారు, తొమ్మిదిలోనే బోర్డు దగ్గర పేరు నమోదు కావాలి. అది లేదు కాబట్టి కుదరదన్నారు. అక్కడ ఐజీసీఎస్‌ఈ పరీక్ష రాయలేదు, ఇక్కడ పదిలో చోటు లేదు, రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. వాడికంటే ఒక ఏడాది చిన్నపిల్లలతో మళ్ళీ తొమ్మిదిలో కూర్చున్నాడు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. ఆ ఏడాది మాట మాత్రం ఇంట్లో ఇప్పటికీ ఎవరమూ ఎత్తము.

అందువల్ల నేను ఒకే ఒక విషయంలో నీకు పట్టుబట్టి చెబుతున్నాను. తొమ్మిది, పది మధ్యగాని, పదకొండు, పన్నెండు మధ్యగాని పిల్లను పద్ధతి మార్చే పరిస్థితి తెచ్చుకోవద్దు. పెద్దది ఇప్పుడు ఏడులో ఉంది కాబట్టి, మీ చేతిలో ఉన్నది సరిగ్గా రెండేళ్ళ వ్యవధి. ఒప్పందం మూడేళ్ళదే అయితే, పెద్దది పదో తరగతికి వచ్చేసరికి అది ముగుస్తుంది. నా మటుకు దాన్ని సీబీఎస్‌ఈలోనే వేయమంటాను. చిన్నవాడి సంగతి వేరు. రెండో తరగతి పిల్లవాడు ఏ పద్ధతిలో చేరినా అయిదు దాకా పెద్ద ఇబ్బంది లేకుండా అటూ ఇటూ మారగలడు. వాడికి ఇంటికి దగ్గరగా ఉన్న, తరగతిలో పిల్లలు తక్కువగా ఉన్న బడి చాలు. ఇద్దరినీ ఒకే గేటు దగ్గర దింపే సౌకర్యం కోసం ఇద్దరికీ ఒకే బడి అనుకోవద్దు.

తిరిగివచ్చే దారిలో మన రాష్ట్రం సంగతి ఒకటుంది, దీన్ని దుబాయిలో ఎవరూ నీకు చెప్పరు. ఇక్కడ రాష్ట్ర కౌన్సెలింగు ద్వారా నింపే ఇంజినీరింగు, వైద్య సీట్లలో 85 శాతం స్థానికులకు. అర్హత పరీక్షతో, అంటే పన్నెండో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో చదివిన పిల్లలను మన ప్రాంతానికి స్థానికులుగా లెక్కిస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు అక్కడే చదివితే శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన పిల్ల కూడా స్థానికేతర అవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు, బయటి రాష్ట్రాల్లో ఉద్యోగం చేసిన కాలం పోను, రాష్ట్రంలో పదేళ్ళు నివసించినట్టు చూపగలిగితే మిగిలిన 15 శాతానికి పోటీపడవచ్చు. ఆ నివాస ధ్రువపత్రం ఎమ్మార్వో కార్యాలయంలో ఇప్పుడే తీసి పెట్టుకోండి. నష్టమే తప్ప లాభం లేదనుకోవద్దు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో, విదేశాల్లో ఉండే విద్యార్థులకు నేరుగా ప్రవేశమిచ్చే డాసా పథకం కింద సీఐడబ్ల్యూజీ అని ప్రత్యేకమైన వాటా ఉంది, అందులో చదువు రుసుము ఇక్కడి పిల్లలతో సమానం. దానికి జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి గనుక, లెక్కలు మన పద్ధతిలో గట్టిగా చదివినవారికే అది అందుతుంది.

ఫీజు విషయంలో అల్లుడుగారిని రెండు ప్రశ్నలు అడగమను. కంపెనీ ఇచ్చే చదువు భత్యం ఎంతమంది పిల్లలకు, ఏ తరగతి దాకా? అది నేరుగా బడికి కడతారా, జీతంలో కలుపుతారా? జీతంలో కలిపితే అది ఇంటి అద్దెలో కరిగిపోతుంది, నాకు తెలుసు. బడి చెప్పే అంకె ఒట్టి బోధన రుసుమే. బస్సు, పుస్తకాలు, యూనిఫారం, ట్యాబు, పరీక్ష రుసుము విడిగా ఉంటాయి. ఐజీసీఎస్‌ఈకి సబ్జెక్టు వారీగా పరీక్ష రుసుము కట్టాలి. సీటు కోసం ముందుగా కట్టించుకునే సొమ్ము మీరు చేరకపోతే తిరిగి ఇస్తారా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

దుబాయిలో ఒక మేలు ఉంది. అక్కడి ప్రైవేటు బడులను చూసే నాలెడ్జ్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అథారిటీ, కేహెచ్‌డీఏ అంటారు, 2008 నుంచి బడులను తనిఖీ చేయించి ఆ నివేదికలను అందరికీ అందుబాటులో పెడుతూ వచ్చింది. ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ వరకు ఆరు మెట్లు. మెట్టు చూసి ఆగిపోకుండా లోపలి పేజీలు చదువు. ముఖ్యంగా ఎంతమంది ఉపాధ్యాయులు ఏటా మానేస్తున్నారన్న భాగం. గురువులు నిలవని బడిలో పిల్లల చదువు నిలవదని మేం ఉపాధ్యాయుల గదిలో అనుకునేవాళ్ళం. పెద్ద మెట్టున్న బడికి గంటన్నర బస్సు ప్రయాణం కంటే, ఒక మెట్టు తక్కువైనా ఇరవై నిమిషాల్లో చేరే బడి మేలు. జూన్ ఎండలో పిల్లలు బస్సు దిగేటప్పటి ముఖాలు నేను చూశాను. వీలైతే బడి వదిలే వేళకు వెళ్ళి గేటు దగ్గర అరగంట నిలబడు. ప్రిన్సిపాలు గదిలో అందరూ నవ్వుతూనే మాట్లాడతారు.

భాష గురించి. అక్కడ ఏ పద్ధతి బడిలోనైనా తొమ్మిది దాకా అరబ్బీ తప్పనిసరి, దాన్ని బరువనుకోవద్దు. సీబీఎస్‌ఈ భాషల పట్టికలో తెలుగు ఉంది, కానీ ఆ బడిలో చెప్పేవారు ఉన్నారా అన్నది అడగాలి, చాలాచోట్ల ఉండరు. సవర గిరిజన పిల్లలకు వాళ్ళ సవర భాషలోనే చదువు మొదలుపెట్టాలని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టారు. ఇంట్లో మాట గట్టిగా ఉన్న పిల్లకే బడి మాట తేలికగా పట్టుబడుతుందని నేను తరగతి గదిలో చూసి నమ్మాను. చిన్నవాడి ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మానేయమని ఏ టీచరైనా చెబితే తల ఊపి, ఇంటికి వచ్చి తెలుగులోనే మాట్లాడు. ఇంగ్లీషులో వెనుకబడిన పిల్లలకు విడిగా సాయం చేసే ఉపాధ్యాయులు ఉన్నారా, దానికి వేరే రుసుము ఉందా అన్నది మాత్రం తప్పక అడుగు.

చివరిగా కాగితాలు. మన ఇంటిపేర్లతో వచ్చే తలనొప్పి ఇంతా అంతా కాదు. బడి రికార్డులో ఇంటిపేరు ముందు ఒక అక్షరంగా, పాస్‌పోర్టులో వెనుక పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా ఉంటే, పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక అది జీవితాంతం వెంటాడుతుంది. ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇక్కడి బడి రికార్డులో దిద్దించి, ఆ తరువాతే టీసీ తీసుకో. ఆ టీసీ మీద ఎవరెవరి ధ్రువీకరణ ముద్రలు కావాలో దుబాయి బడివారిని ఈమెయిలులో అడిగి, ఆ జవాబు దాచు. వెళ్ళాక అక్కడి నుంచి ఇది చేయించడం పెద్ద ప్రయాస.

పెద్దదాని ఆరో తరగతి మార్కుల పత్రం అసలు ప్రతి కిందటి వేసవిలో మా ఇంట్లోనే మరిచిపోయారు, మీ అత్తయ్య బీరువాలో భద్రంగా ఉంది. సోమవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర స్కాన్ చేయించి పంపుతాను. ఈలోగా ఆ నాలుగు బడుల ఫీజు పట్టికలూ, అల్లుడుగారి ఒప్పందంలో చదువు భత్యం ఉన్న పేజీ నాకు పంపించు.

ఇట్లు
మీ మావయ్య