ఫోకస్ ముఖం మీద కాదు, కంటి మీద

ప్రశ్న: ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 85 ఎంఎం లెన్స్ పెట్టి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు లోనికొచ్చే రంధ్రం) ఎఫ్/1.8 వద్ద ఉంచి పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. ముఖం మధ్యలో ఫోకస్ చేస్తే ముక్కు స్పష్టంగా వస్తోంది కానీ కళ్లు మసకబారుతున్నాయి. ఫోకస్ ఎక్కడ చేయాలి?

జవాబు: కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద చేయండి. ఫొటో చూసేవారి దృష్టి మొదట వెళ్లేది కళ్ల మీదికే కాబట్టి, చెవులూ జుట్టూ కొంత మసకగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు గానీ, కన్ను మసకబారితే ఎంత చక్కని హావభావమైనా వృథా అవుతుంది. మీరు చెప్పిన లెన్స్‌తో, అదే ఎపర్చర్‌లో, మనిషికి 1.5 మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టత ఉండే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. ముక్కు కొనకూ కంటికీ మధ్య దూరానికే అది చాలదు. ఎఫ్/4కు మారిస్తే, అంటే ఆ రంధ్రాన్ని చిన్నది చేస్తే, ఆ లోతు రెట్టింపు దాటుతుంది.

కంటిలోనూ కనుపాప మీదే ఫోకస్ నిలవాలి. కనురెప్పల వెంట్రుకలు, కనుబొమ్మలు దాన్ని తమవైపు లాగేస్తుంటాయి. తీసిన ఫొటోను తెరపై పెద్దది చేసి, కంటిలో మెరిసే వెలుగు చుక్క అంచులు తేటగా ఉన్నాయో లేదో చూడండి. ఫ్రేమ్ మధ్యలోని ఫోకస్ పాయింట్‌తో (కెమెరా ఎక్కడ ఫోకస్ చేస్తుందో చూపే గుర్తు) ఫోకస్ చేసి, ఆపై కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేమ్ సరిచూసుకునే అలవాటుంటే, ఇంత పెద్ద ఎపర్చర్ వద్ద దాన్ని మానుకోవడమే మేలు, ఎందుకంటే అలా తిప్పినప్పుడు ఫోకస్ కంటి వెనక్కి జారుతుంది. ఫోకస్ పాయింట్‌నే కంటి మీదికి జరపండి. కెమెరాలో కంటిని గుర్తించే ఆటోఫోకస్ ఉంటే నిస్సంకోచంగా వాడండి.