ఈసీఈ చదువుతున్న అమ్మాయి బ్యాకెండ్ ఇంజినీర్ కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. తెరపై కనిపించే పేజీలు తయారు చేయడంలో ఆసక్తి లేదని, బ్యాకెండ్ ఇంజినీర్ అవుతానని చెబుతోంది. సీఎస్ఈ చదవని వారికి ఆ ఉద్యోగాలు వస్తాయా? తాడిపత్రిలో ఎరువుల దుకాణం నడుపుకొనే నాకు ఈ రంగం గురించి తెలియదు. దయచేసి వివరించగలరు.

జవాబు: తప్పకుండా వస్తాయండి. కొన్ని కంపెనీలు ప్రాంగణ నియామకాల్లో బ్రాంచి నిబంధన పెడతాయి కాబట్టి ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. అయితే ఇంటర్వ్యూ గదిలో అడిగేవి డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్‌ల గురించిన ప్రశ్నలే. ఈసీఈ వారికి నెట్‌వర్క్‌లతో కొంత పరిచయం ఉంటుంది. సాధారణంగా వెనకబడేది డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్‌లలో. ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఈ పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా దొరుకుతాయి. ‘వంద శాతం ఉద్యోగ హామీ’ అని చెప్పే శిక్షణ సంస్థకు పెద్ద మొత్తం కట్టే ముందు వాటిని చూడమనండి.

ఇక ఆ పని స్వభావం చెబుతాను. అనంతపురం నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణంలో ఎంచుకుంటే అది ఒక్కరికే దక్కాలి. ఖాతాలో డబ్బు కోతపడి, సిగ్నల్ పోయి టికెట్ రాకపోతే, ప్రయాణికుడు మళ్లీ నొక్కినప్పుడు రెండోసారి డబ్బు పోకూడదు. ఇలాంటి చిక్కులను ముందే ఊహించి, అవి ఎదురైనా లెక్క తప్పకుండా కట్టుదిట్టం చేసేవారే బ్యాకెండ్ ఇంజినీర్లు. అంతా సవ్యంగా నడిచే దారి రాయడం తేలిక. దారి మధ్యలో తెగిపోతే ఏమవుతుందన్న ఆలోచన మీద మీ అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉందా అన్నదే నా దృష్టిలో బ్రాంచి కంటే ముఖ్యమైన ప్రశ్న.

జావా, పైథాన్, గో భాషల్లో ఏదో ఒకటి బాగా వస్తే చాలు. పట్టికల రూపంలో డేటాను అమర్చే రిలేషనల్ పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. నేటికీ బ్యాంకుల నుంచి దుకాణాల దాకా ఆ పద్ధతే విస్తృతంగా వాడుకలో ఉంది. అందుకే ఆ పట్టికల్లోని డేటాను రాయడానికి, వెతకడానికి వాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ మీద పెట్టే శ్రమ వృథా కాదు.

ఆసక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి మీ దుకాణమే చక్కని చోటు. రైతులు విత్తే సమయంలో ఎరువులు అప్పుగా తీసుకుని, వేరుశనగ చేతికొచ్చాక విడతలుగా తీరుస్తారు కదా, ఆ ఖాతా పుస్తకాన్ని ప్రోగ్రాంగా రాయమనండి. పాత పద్దును చెరపకూడదు. తప్పు పడితే దానికి ఎదురు పద్దు రాసి సరిచేయాలి. బిల్లు నమోదవుతుండగా కరెంటు పోతే, సరుకు తగ్గి బాకీ మాత్రం ఎక్కని పరిస్థితి రాకూడదు. డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనే ఏర్పాటు) ఉన్నది ఇందుకే. డబ్బును దశాంశాల్లో కాక పైసల్లో, పూర్ణాంకాలుగా దాచాలి, ఎందుకంటే కంప్యూటర్ 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాకపోవచ్చు. లక్షల పద్దులు నింపి, ఒక రైతు బాకీ వెతకడానికి ఎంత సమయం పడుతోందో ముందు కొలిచి, ఆ తరువాతే ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది) పెట్టి తేడా చూడాలి. మంచి ఇంజినీర్లు పనిచేసే తీరు ఇదే: ఊహతో మార్చరు, లాగ్‌లు (ప్రోగ్రాం తాను చేసిన పనులను రాసిపెట్టే నమోదులు) చదివి కారణం పట్టుకుంటారు, ప్రతి మార్పునూ గిట్ అనే, ప్రోగ్రాం మార్పుల చరిత్రను దాచే సాధనంలో కారణంతో సహా నమోదు చేస్తారు. రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో పెట్టవద్దు.

ఒక కష్టం కూడా దాచకుండా చెప్పాలి. చాలా కంపెనీల్లో సర్వర్ రాత్రివేళ ఆగితే వంతులవారీగా లేచి చూడాల్సి వస్తుంది. బెంగళూరులో పనిచేస్తున్న సీనియర్లు మీ అమ్మాయి కళాశాలలోనే చదివి ఉంటారు; ఆ వంతులు ఎలా ఉంటాయో వారిని అడిగి తెలుసుకోమనండి. మీరు చేయగలిగిన సాయం ఒకటుంది: ఈ సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని, అప్పు ఎప్పుడు వసూలవుతుందో, ఎక్కడ లెక్క తప్పుతుందో మీ అనుభవంతో వివరించండి.