సిక్కోలుకు కథ కట్టే ముందు

విజయనగరం,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాల కట్ట మొన్న చేరింది. రోజూ మనం అనుకునే మాటలు తీసుకుని, ఒక్కోదాని వెనక ఒక్కో చరిత్ర రాశావు. రెండుసార్లు చదివాను. కథ ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం కాస్త గట్టిగా రాస్తున్నాను. చెప్పడం రానివాళ్ళు తప్పు చెబితే వారంలో మరిచిపోతారు. నీలాంటివాళ్ళు చెబితే అది ఊళ్ళో నిలిచిపోతుంది.

మొదటి పేజీలోనే మీ ఊరి పేరు పెట్టావు. నవాబుల కాలంలో శిస్తు సొమ్ము మూటలు అక్కడ విప్పేవారనీ, 'సిక్కా ఖోల్' అనేవారనీ, అదే చికాకోల్ అయి, చివరికి శ్రీకాకుళం అయిందనీ రాశావు. ఈ కథ నేనూ చిన్నప్పుడు విన్నాను. వినడమే కాదు, ముప్పై ఏళ్ళ కిందట ఒక పత్రికలో నిజమని రాశాను. కొన్నాళ్ళకు ఒక సభలో కుర్రాడు లేచి అదే కథ చెప్పాడు. ఆధారం ఏమిటి బాబూ అని అడిగాను. నా వ్యాసం తీసి చూపించాడు. నాకు ఆ కథ చెప్పింది మా మేనమామ. ఆయనకు ఎవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచించాను. సిక్కా అంటే నాణెం, లేదా నాణెం మీది ముద్ర. మూట కాదు. ఖోల్ అంటే విప్పు. ఊరికి 'విప్పు' అని ఎవరైనా పేరు పెడతారా? ఇక మీ నాయనమ్మ నోట విను. ఆవిడ శ్రీకాకుళం అని నిండుగా అంటుందా, సిక్కోలు అంటుందా? శ్రీ అన్నది మన జనం నోట 'సి' అయిపోతుంది, మిగతా పేరు కుదించుకుపోతుంది. ఆ పలుకే ఫార్సీ గుమాస్తా చెవిన పడి శికాకోల్ అయిందనీ, ఇంగ్లీషు దొర చేతిలో చికాకోల్ అయిందనీ నాకు సబబుగా తోస్తుంది. ఆ పేరు విన్నాక ఎవరికో సిక్కాలు గుర్తొచ్చి కథ కట్టారు. పేరు ముందు, కథ తర్వాత.

అదే పేజీలో, కృష్ణదేవరాయలకు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించింది మీ శ్రీకాకుళంలోనే అని రాశావు. ఆ గుడి ఉన్నది కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో. ఆ వాక్యం కొట్టెయ్యి.

అలాగని పెద్దలు చెప్పినవన్నీ తోసెయ్యమని కాదు తల్లీ. మా ఊరి సంగతే చూడు. విజయరామరాజు పేరు మీద, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు కోటకు పునాది వేశారనీ, అలా విజయాలన్నీ కలిసి వచ్చాయనీ చెబుతారు. లెక్క అంత ముచ్చటగా కుదిరితే నాకు అనుమానం వస్తుంది. కానీ ఇందులో ఒకటి మనమే చూసుకోవచ్చు. కోట కట్టింది 1713లో. మొన్న 2013లో విజయ వచ్చింది. తెలుగు సంవత్సరాలు అరవయ్యేళ్ళకోసారి తిరుగుతాయి. అయిదు అరవైలు మూడొందలు వెనక్కి వెళితే సరిగ్గా 1713. సంవత్సరం నిలబడింది. ధాత కరువు గురించి నువ్వు 'పూర్వం ఎప్పుడో' అని వదిలేసిన చోట కూడా ఇదే పని చెయ్యి. ధాత వచ్చింది 1876-77లో. మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసిన కరువు 1876 నుంచి 78 దాకా. పంచాంగం పక్కన పెట్టుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక 'టోపీ వెయ్యడం'. ఒక కంపెనీ దొర మన జమీందారుకు టోపీ బహుమతిగా ఇచ్చి ఊళ్ళు రాయించుకున్నాడని రాశావు. చదువుతుంటే నాకే నమ్మాలనిపించింది. కానీ హిందీలో మోసం చెయ్యడాన్ని టోపీ పహనానా అంటారు, మరాఠీలో టోపీ ఘాలణే అంటారు. మన జమీందారు సంగతి వాళ్ళకెలా తెలిసింది? ఒక మాటకు మన ఊళ్ళో పుట్టుక చెప్పేముందు పొరుగు భాషల్లో ఉందేమో చూడాలి. మీకు ఒడియా ఇళ్ళు దూరం కాదు. వెళ్ళి అడుగు.

ఇది మన జబ్బే అనుకోకు. మనం 'పోష్‌గా ఉంది' అంటామే, దానికి ఇంగ్లీషువాళ్ళు ఒక కథ కట్టారు. ఇండియాకు వచ్చే ఓడలో ఎండ తగలని వైపు గదులు తీసుకున్న డబ్బున్నవాళ్ళ టికెట్ల మీద 'పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్' (వచ్చేటప్పుడు ఓడకు ఎడమ వైపు, తిరిగి వెళ్ళేటప్పుడు కుడి వైపు) అన్నదానికి పొడి అక్షరాలుగా పి, ఓ, ఎస్, హెచ్ అని ముద్ర వేసేవారట. అలాంటి టికెట్ ఒక్కటీ దొరకలేదు. ఓకే అన్న మాటకు కూడా డజను కథలుండేవి. అలెన్ వాకర్ రీడ్ అనే ఆయన ఓపిగ్గా పాత పత్రికలు తిరగేసి, 1839 మార్చి 23 నాటి బోస్టన్ పత్రికలో అది పట్టుకున్నాడు. 'ఆల్ కరెక్ట్'ను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, పొడి అక్షరాలు చేసిన సరదా అది. ఏ వీరుడూ లేడు, ఏ యుద్ధమూ లేదు. అయినా నాకు ఆ డజను కథలకంటే ఈ ఒక్క తేదీ ఎక్కువ సంతోషమిస్తుంది.

నీ కట్టలో ప్రతి మాటకూ ఒక రాజు ఉన్నాడు, లేకపోతే ఒక దొర. మాటలు ఎక్కువగా పుట్టేది పనిచేసే చోట అమ్మా. పదహారణాల తెలుగు అంటాం. రూపాయికి పదహారణాలు కాబట్టి పదహారణాలంటే లోటు లేనిది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, అణాలు పోయాయి, మాట మాత్రం పోలేదు. హిందీలోనూ పదహారణాల నిజం అంటారు, ఒడియాలోనూ షోళ అణా అంటారు. ఒకే రూపాయి అందరి చేతుల్లోనూ తిరిగింది కాబట్టి ఇక్కడ పొరుగువాళ్ళ సాక్ష్యం కలిసొచ్చింది.

చిల్లిగవ్వ సంగతి ఇంకా లోతు. గవ్వలు ఒకప్పుడు నిజంగా డబ్బే. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి. మన పక్కనున్న ఒడిశాలో కంపెనీవాళ్ళు గవ్వల చెలామణీ మాన్పించి, పన్ను వెండి రూపాయల్లో కట్టమన్నారు. గవ్వలు తప్ప వెండి ఎరగని రైతు ఏం కడతాడు? 1817లో పైకాలు, అంటే అక్కడి సిపాయి రైతులు, తిరగబడటానికి అదీ ఒక కారణం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా. 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అని నువ్వు రాసేటప్పుడు, సంతలో ఉత్త చేతులతో నిలబడ్డ ఆ రైతు నీకు కనబడాలి. నువ్వు దానికి ఒక పిసినారి రాజు కథ రాశావు. నాకు బాధ కలిగింది.

బడి నుంచి వచ్చిన మాటలూ ఉన్నాయి. 'ఓం నమః శివాయ, సిద్ధం నమః' అని దిద్దించేవారు కాబట్టి ఓనమాలు. సంస్కృత శ్లోకంలో పాదం నిండటానికి వేసే పొల్లు మాటలు తు, చ. వాటిని కూడా వదలకుండా అప్పజెప్పడమే తుచ తప్పకుండా చెప్పడం. ఇస్త్రీకి స్త్రీతో చుట్టరికం కలిపావు. అది పోర్చుగీసువాళ్ళ దగ్గర నుంచి వచ్చిన మాట. వాళ్ళ భాషలో ఎస్తిరార్ అంటే సాగదీయడం. మేస్త్రీ కూడా వాళ్ళదే.

ఇదంతా చదివి టెన్షన్ పడకు. కథలు తీసెయ్యొద్దు. సిక్కా కథను ఉంచు. ఉంచి, 'మా ఊళ్ళో ఇలా చెప్పుకుంటారు' అని రాయి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఎంత వయసువారు, అదీ రాయి. జనం తమ ఊరి పేరులో డబ్బు మూటలు ఎందుకు చూశారన్నది కూడా రాయదగ్గ విషయమే. కానీ అది ఊరి పేరు చరిత్ర కాదు.

గిడుగు రామమూర్తిగారు మీ జిల్లావారే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరల నోట విని వాళ్ళ భాష నేర్చుకున్నారు, నిఘంటువు చేశారు. నీకు అంత దూరం నడక కూడా లేదు. మీ ఇంట్లోనే నాయనమ్మ ఉంది. ఆవిడ ఏ మాట ఏ పని చేస్తూ అంటుందో, ఎవరి మీద కోపం వస్తే అంటుందో రాసుకో. పక్కన బ్రౌన్ నిఘంటువు పెట్టుకో. అచ్చయి నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఇప్పటికీ పనికొస్తుంది.

కట్ట తిరిగి పంపుతున్నాను. ఎర్ర సిరాతో గీసిన తప్పు వాక్యాలు తీసెయ్యి, నీలం సిరాతో గీసినవి మళ్ళీ అడిగి తెలుసుకో. దసరా వెళ్ళాక మంగళవారం సిరిమానోత్సవానికి వస్తావు కదా. మీ నాయనమ్మను కూడా తీసుకురా. 'ఒగ్గేయ్' (వదిలెయ్) అన్న మాట గురించి ఆవిడను అడగాల్సినవి నా దగ్గర నాలుగున్నాయి.

నీ మేష్టారు