వయొలెంట్ ఫెమ్స్ లాంటి ఫోక్-పంక్ (జానపద బాణీకి పంక్ రాక్ కలిపే) బ్యాండ్లను మన దగ్గర ఎవరైనా వింటారా? వాటికి అంత వీరాభిమానులు ఎందుకుంటారు?

వింటారు. ఉమ్మడి వరంగల్ జిల్లా వరకైతే కనీసం ఇద్దరం ఉన్నాం. ఒకణ్ని నేను, రెండో ఆయన ఐనవోలులో ఉండే మా మేనమామ. ఒగ్గు కథ బృందంలో నలభై ఏళ్లు డోలు కొట్టిన మనిషి. ఇంగ్లిష్ ముక్క రాదు.

2003లో కాజీపేటలో రూమ్ తీసుకుని ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు పక్క రూమ్ సీనియర్ ఒక ఎంపీ3 సీడీ ఇచ్చాడు. నూట యాభై పాటలుంటే నూట నలభై చెత్త. మిగతా పది, 1983లో వచ్చిన వయొలెంట్ ఫెమ్స్ మొదటి ఆల్బమ్. ఇంటి దగ్గర టేప్ రికార్డర్ మాత్రమే ఉండేది కాబట్టి హన్మకొండ చౌరస్తా పక్కన ఒక షాపులో క్యాసెట్‌కు ఎక్కించమన్నాను. రెండు పాటలయ్యాక షాపతను ఆపి, "తమ్మీ, ఇది ప్రాక్టీసు టేపా? అసలుది తెచ్చుకోరాదూ" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. అలాగే ఉంటుంది. చాలా పాటల్లో గిటార్‌కు కరెంటు లేదు, బేస్ గిటార్ కూడా చెక్క డొప్పదే. డ్రమ్మర్ నిలబడి బ్రష్షులతో కొడతాడు. గోర్డన్ గానో అనే కుర్రాడు స్కూల్లో ఉండగా రాసుకున్న పాటలు, ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియని గొంతు.

ఆ సంక్రాంతికి క్యాసెట్ జేబులో వేసుకుని ఐనవోలు పోయాను. భోగి నుంచి మల్లన్న జాతర మొదలవుతుంది కదా, మామ వాళ్లకు అప్పుడు చేతినిండా పని. పగలంతా పట్నాలు (రంగుల ముగ్గులేసి చేసే మల్లన్న పూజ), బోనాలు. రాత్రి పది దాటాక వాకిట్లో నులక మంచాల మీద బృందమంతా పడుకున్నారు. కరెంటు పోయింది. ఎవరో "అల్లుడు ఏదో పాట తెచ్చిండట, పెట్టుమను" అన్నారు. టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు వేసి పెట్టాను. నవ్వుతారేమోనని నాకు ఒకటే టెన్షన్.

మొదటి పాటకు ఎవరూ ఏమీ అనలేదు. రెండో పాటలో మామ లేచి కూర్చున్నాడు. మూడోది అయ్యాక, "అల్లుడా, వెనుకకు తిప్పు" అన్నాడు. తిప్పాను. ఇంకోసారి తిప్పమన్నాడు.

"వీడు ఉత్త డోలు కొడ్తలేడురా. గంప గొడ్తుండు."

"గంపేంది మామా, డ్రమ్స్ అవి."

"నలభై ఏండ్ల సంది తోలు కొడ్తున్న, నాకు చెప్తవా? తోలు కాదది. రేకు."

నేను ఒప్పుకోలేదు. ఆయన లేచి, పశువుల కొట్టం దగ్గరున్న రేకు గంప తెచ్చి డోలు మీద బోర్లించి, చీపురు పుల్లల కట్టతో కొట్టాడు. సరిగ్గా అదే చప్పుడు! డోలు లోపల ఎవరో గొణుగుతున్నట్టు. అందరూ లేచి కూర్చున్నారు. అంతలో అత్త లోపలి నుంచి వచ్చి, "మల్లన్న డోలు మీద పెండ గంప పెడ్తవా, నీకు బుద్ధున్నదా" అని ఎత్తుకుంది. ఆ రాత్రి కచేరీ అక్కడితో సరి.

తర్వాత ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే తెలిసింది. వాళ్ల డ్రమ్మర్ విక్టర్ డిలోరెంజో ఒక టామ్ డ్రమ్ మీద గంప బోర్లించి కొడతాడట. దానికి ట్రాన్సాఫోన్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. గంట అయిపోతోందని సెంటర్ అతను అరుస్తున్నా నేను లేవలేదు.

మీరు అడిగిన వీరాభిమానానికి నా దగ్గరున్న జవాబు ఆ గంపే. వీళ్లది అమెరికాలో మిల్వాకీ. 1981 ఆగస్టులో అక్కడి ఓరియంటల్ థియేటర్ బయట రోడ్డు మీద పాడుకుంటుంటే, ఆ రాత్రి లోపల పాడాల్సిన ప్రిటెండర్స్ బ్యాండ్ వాళ్లు చూసి స్టేజీ ఎక్కించారు. రోడ్డు మీద పనికొచ్చిన సామానే స్టేజీ మీదా పనికొచ్చింది. మన దగ్గర ఫ్యూజన్ పేరుతో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. డప్పుల వాళ్లను పిలిచి, వాళ్ల వెనకాలే డీజే బండి పెడతారు. డప్పు చప్పుడు కొట్టేవాడికే వినపడదు. పెండ్లి బరాత్‌లు అట్లనే, బోనాలూ అట్లనే. మా కాలేజీ ఫెస్టులో మేం ముగ్గురం గిటార్, డోలు, గంపతో ఎక్కితే రెండో పాటకు మైకు కట్ చేశారు. ఆ కోపం ఇంకా పోలేదు, పోనివ్వను కూడా.

రకరకాల సంగీతాలు కలుపుతారని ఈ బ్యాండ్ గురించి గొప్పగా రాస్తుంటారు. 1984లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో చర్చి పాటల వరసలు, బాంజో, జాన్ జోర్న్ శాక్సఫోన్ అన్నీ దూర్చారు. ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇందులో వింతేముంది? మల్లన్న పెండ్లి నడుస్తుండగానే ఒక సినిమా వరస వస్తుంది, ఊరి సర్పంచ్ మీద ఒక జోకు పడుతుంది, మళ్లీ ఏడుపు. అది తెలిసే జనం కూర్చుంటారు. తెలిసిన కథ కోసం తెల్లవార్లూ కూర్చునేవాణ్ని మించిన వీరాభిమాని ఎవడుంటాడు? ఫెమ్స్ మొదటి ఆల్బమ్‌కు పది లక్షలు అమ్ముడైన గుర్తింపు రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. నాకిచ్చిన సీనియర్ లాంటివాళ్లు ఒకరికొకరు అందించుకుంటూ పోయి ఉంటారు, ఇంకెలా వస్తుంది?

గొడవలు కూడా అచ్చం మనవాళ్లవే. వాళ్ల అన్నిటికంటే పేరున్న పాటను బర్గర్ల ప్రకటనకు ఇచ్చారని 2007లో బేస్ గిటార్ వాయించే బ్రయాన్ రిచీ, గానో మీద కోర్టుకెక్కాడు. బ్యాండ్ చెదిరి, 2013లో మళ్లీ కలిసింది. మామ బృందం కూడా కథకు వచ్చిన కట్నాల పంపకం దగ్గరే రెండు ముక్కలైంది. వాళ్లు మాత్రం ఇంకా కలవలేదు.

కలిసిన ఏడాదే డిలోరెంజో వెళ్లిపోయాడు. ఆ సంగతి చెబితే మామ, "మరి గంప ఎవరు గొడ్తుండ్రు?" అన్నాడు. మొన్న ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఇప్పటి డ్రమ్మర్ జాన్ స్పారో ముందు మాంసం కాల్చే బొగ్గుల గ్రిల్ ఉంటుంది, దాని మీదే బ్రష్షులతో వాయిస్తాడు. మామ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"ఇటు రా, చూడు. వీడు పొయ్యే కొడ్తుండు. నేను గంప కొడితేనే తిట్టినవ్."