టెక్ సందేహాలు: 300 ప్లాన్ తీసుకుంటే 94 దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ఈ వారం ఉత్తరాల్లో సగం పైన నెట్ స్లో అనే ఫిర్యాదులే. వాటిలో చాలావాటికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సిన పని కూడా లేదు. తేడా ఇంట్లోని వైరులోనో, మూలన దుమ్ము పట్టిన నెట్‌వర్క్ స్విచ్‌లోనో (ఒక లైన్‌ని చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె) ఉంది.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. ఫోన్‌లో వైఫై మీద 250 దాకా వస్తోంది. పైగదిలో కంప్యూటర్‌కి ల్యాన్ కేబుల్ పెడితే మాత్రం 94 దాటడం లేదు. వైఫై కన్నా వైరే నయం అంటారు కదా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిన 94 అన్న అంకే దొంగను పట్టిచ్చింది. 100 ఎంబీపీఎస్ లింకులో డేటాతోపాటు వెళ్లే చిరునామాలూ వగైరా పోను స్పీడ్ టెస్టులో కనపడేది 94, 95. అంటే మీ ప్లాన్‌కి ఢోకా లేదు, కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య లింకే 100 దగ్గర కుదిరింది. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తుంది.

ముందు రూటర్ మోడల్ నంబర్ వెతికి దాని ల్యాన్ పోర్టులు గిగాబిట్‌వో (అంటే 1000 ఎంబీపీఎస్‌వో) కాదో చూసుకోండి. చవక రకాల్లో వైఫై 300 దాటినా ల్యాన్ పోర్టులు 100 దగ్గరే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ వాడేవాళ్లు దాన్నీ అనుమానించాలి.

రెండూ గిగాబిట్ అయితే ఇక కేబులే. లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, అవి 1, 2, 3, 6 పిన్నుల మీద నడుస్తాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. మిగిలిన నాలుగింట్లో ఒక్క తీగ జాక్‌లో సరిగ్గా దిగకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకే కేబుల్‌ని చీల్చి రెండు జతలు నెట్‌కి, మిగతావి ఫోన్‌కి ఇచ్చిన ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. గోడమీది బాక్స్ విప్పి చూడండి.

మళ్లీ క్రింప్ చేయిస్తే, అంటే తీగలను కొత్త జాక్‌లోకి దింపి నొక్కిస్తే, రంగుల వరుస దగ్గర నిలబడి చూడండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం ఎందుకు దూరిందని కొందరు దాన్ని 'సరిచేసి' జతలన్నీ పక్కపక్కనే పెట్టేస్తారు. రెండు వైపులా అలాగే పెడితే టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ చక్కగా వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులు ఒకే జత కావాలి. అవి వేర్వేరు జతలకు పడ్డాక మెలిక ఉండీ ప్రయోజనం లేదు, ఒక తీగలోని సిగ్నల్ పక్క తీగలోకి పాకుతుంది. లైట్ల టెస్టర్ ఈ తప్పును పట్టుకోలేదు. జాక్ దగ్గర మెలికను అర అంగుళం మించి విప్పనీయకండి.

ప్రశ్న: కొత్త ఇంటికి వైరింగ్ చేయిస్తున్నాం. షాపులో క్యాట్-8 రకం ల్యాన్ కేబుల్ వేయించుకోండి, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అంటున్నారు.
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. క్యాట్-8 డేటా సెంటర్లలో 30 మీటర్లలోపు దూరాలకు ఉద్దేశించినది. ఇంటికి క్యాట్-6 చాలు. గిగాబిట్‌ని 100 మీటర్లు మోస్తుంది, దాదాపు 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ కూడా నడుస్తుంది. ఆ డబ్బుతో ప్రతి గదికీ రెండేసి కేబుళ్లు లాగించండి, కరెంటు వైర్లు లేని వేరే పైపులో.

మీరు పేచీ పెట్టాల్సింది మరోచోట. కేబుల్ అసలు రాగిదేనా? పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న రకం మార్కెట్లో దండిగా ఉంది. పెట్టె మీద సీసీఏ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఒక తీగ చివర బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే చుట్ట వెనక్కిచ్చేయండి. అది రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది, రాగి కన్నా నిరోధం ఎక్కువ. సీసీ కెమెరాలకి అదే కేబుల్‌లో కరెంటు కూడా పంపాలనుకుంటే దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, తీగా వేడెక్కుతుంది.

ప్రశ్న: మా స్కూల్లో ఆఫీసు నుంచి ల్యాబ్‌కి 150 మీటర్లు. క్యాట్-6 వేశాం, లింక్ వస్తూ పోతూ ఉంటుంది. పైగా మొన్నటి వానల్లో పిడుగుకి రెండు చివరలా స్విచ్‌లు కాలిపోయాయి. మధ్యలో ఇంకో స్విచ్ పెట్టుకుంటే సరిపోతుందా?
– కర్నూలు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: దూరం సమస్య తీరుతుంది, పిడుగు సమస్య తీరదు. రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు, మధ్యలో స్విచ్ ఉంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. కానీ రెండు భవనాల మధ్య రాగి తీగ ఉన్నంతకాలం, దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ దెబ్బ తీగ వెంబడి లోపలికి వస్తుంది. పిడుగు నేరుగా మీ స్కూలు మీదే పడనక్కర్లేదు.

ఇక్కడ ఫైబర్ వేయండి, అంటే గాజు పోగులో కాంతితో డేటా పంపే కేబుల్. గాజు కరెంటును మోయదు. 150 మీటర్లు దానికి ఒక లెక్క కాదు, సింగిల్ మోడ్ ఫైబర్ మీద గిగాబిట్ కిలోమీటర్ల దూరం వెళ్తుంది. రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (కాంతిని ల్యాన్ సిగ్నల్‌గా, దాన్ని మళ్లీ కాంతిగా మార్చే చిన్న పెట్టెలు) పెట్టి, అక్కడి నుంచి మామూలు ల్యాన్ కేబుల్‌తో స్విచ్‌కి కలుపుతారు. కొనేటప్పుడు గిగాబిట్‌వే అడగండి, 100 రకాలూ అమ్ముతున్నారు. ఒకే పోగు మీద నడిచే కన్వర్టర్లు జతగా వస్తాయి. ఒకటి ఏ తరంగంలో పంపుతుందో రెండోది దాన్ని అందుకోవాలి. రెండూ ఒకే రకం తెచ్చుకుంటే లింక్ ఎప్పటికీ వెలగదు. నీలం కనెక్టర్‌ని ఆకుపచ్చదానికి కలపకండి, ఆకుపచ్చదాని కొన ఏటవాలుగా ఉంటుంది. ఉక్కు కవచం ఉన్న ఫైబర్ అయితే ఆ ఉక్కు మళ్లీ కరెంటు దారే, ఎర్తింగ్ చేయించాలి, లేదా లోహం లేని రకం తీసుకోవాలి. అవసరం ఒకే పోగుకైనా నాలుగు పోగులది వేయించండి, గుంత తవ్వే ఖర్చు ఒకటే. ఇంకోటి, వెలుతురు వస్తోందా అని పిల్లలు కొనలోకి తొంగి చూడకుండా కాయండి. ఆ కాంతి కంటికి కనపడదు.

ప్రశ్న: ఆఫీసులో పదిహేను సిస్టమ్స్. ఉన్నట్టుండి అందరికీ ఒకేసారి నెట్ ఆగిపోతుంది. ప్రింటర్ కూడా పలకదు. స్విచ్ ఆపి వేస్తే రెండు నిమిషాలు బాగుంటుంది.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆగినప్పుడు స్విచ్ లైట్లు చూడండి. అన్ని పోర్టులూ ఒకే తాళంలో గబగబా కొట్టుకుంటుంటే అది లూప్. ఎవరో బల్ల కింద వేలాడే కేబుల్ కొనను ఖాళీ పోర్టులో గుచ్చి ఉంటారు, దాని రెండో కొన అప్పటికే అదే నెట్‌వర్క్‌లో ఉండి ఉంటుంది. అందరికీ వెళ్లాల్సిన ఫ్రేము (డేటా మూట) ఆ వలయంలో పడితే ఈథర్నెట్‌లో దాన్ని చంపే ఏర్పాటు లేదు, తిరుగుతూనే ఉంటుంది. దీనికి విరుగుడుగా, వలయాన్ని గుర్తించి ఒక దారిని మూసేసే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రూపొందించారు. మేనేజ్డ్ స్విచ్‌లలో, అంటే సెట్టింగులు మార్చుకోగల రకాల్లో, అది ఉంటుంది, మీ చవక స్విచ్‌లో ఉండకపోవచ్చు.

లైట్లు కొట్టుకుంటుండగానే ఒక్కో కేబుల్ పీకుతూ పోండి. ఏది పీకగానే లైట్లు నెమ్మదిస్తాయో దాని వెంటే వెళ్లి రెండో కొన పట్టుకోండి. స్విచ్ మార్చే బడ్జెట్ ఉంటే మేనేజ్డ్ రకం తీసుకుని స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వాడని కేబుళ్లను బల్ల కింద వదిలేయకుండా తీసేయించండి, మిగతావాటికి రెండు కొనలా నంబర్లు అంటించండి.